మోరా కత్తి

మోరా కత్తి స్వీడన్‌లోని దలార్నా ప్రాంతంలో, మోరా పట్టణం చుట్టుపక్కల తయారయ్యే చిన్న మడవని కత్తి. దీని బ్లేడు చాలా నమూనాల్లో 9 నుంచి 11 సెంటీమీటర్ల పొడవు, 2 నుంచి 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. వడ్రంగులు, జాలరులు, వేటగాళ్లు, అడవుల్లో నడిచేవారు, స్కౌట్ పిల్లలు దీన్ని పనిముట్టుగా వాడతారు. అంచుకు దగ్గరలో మొదలై అంచుతోనే ముగిసే ఒకే వాలు, తేలికపాటి బరువు, చవక ధర దీని ప్రధాన లక్షణాలు. ఆరుబయటి పనులకు చిన్న కత్తి ఎంచుకునేవారు తక్కిన కత్తులను దీనితో పోల్చి చూడటం పరిపాటి. ఆ పోలికలో తేలేది ఏమంటే, కత్తి ఎంత బాగా కోస్తుందన్నది దాని మందంకన్నా అంచు తీరును బట్టే ఎక్కువగా ఉంటుంది.

నిర్వచనం, పరిధి

మడత చాకులో బ్లేడు ఒక ఇరుసు మీద తిరిగి పిడిలోకి మడుచుకుంటుంది. మడవని కత్తిలో బ్లేడు, పిడిలోకి దిగే కాడ ఒకే ఉక్కు ముక్క. కదిలే భాగం లేదు కనుక వదులయ్యేది గానీ, చేపల జిగురు, ఇసుక చేరి బిగుసుకుపోయేది గానీ ఏదీ ఉండదు. నీళ్లతో కడిగి తుడిస్తే చాలు. చలికి మొద్దుబారిన వేళ్లతోనైనా, చేతి తొడుగులతోనైనా ఒక్క చేత్తో ఒరలోంచి తీయవచ్చు. అయితే దానికి ఒర తప్పనిసరి. జేబులో పట్టదు. నలుగురిలో వెంట ఉంచుకుంటే కొన్ని దేశాల్లో చట్టం అడ్డొస్తుంది (చూ. చట్టం).

ఎంతలోపు అయితే చిన్న కత్తి అన్నదానికి అంతర్జాతీయ ప్రమాణం లేదు. వాడుకలో సుమారు 12 సెంటీమీటర్లలోపు బ్లేడున్న వాటిని చిన్నవిగా లెక్కిస్తారు. అంతకు మించి పొడవు, బరువు పెరిగే కొద్దీ కత్తి కోసే పనిముట్టు నుంచి నరికే పనిముట్టుగా మారుతుంది. వేట కొడవలి, నేపాల్ ఖుక్రీ, లాటిన్ అమెరికా మచేతే ఆ రెండో కోవలోవి.

స్వీడన్‌లో మోరా అన్న మాట ఊరి పేరుగానే గాక ఈ తీరు కత్తులన్నిటికీ సామాన్య నామంగా స్థిరపడింది. నేడు మోరాలో ఈ కత్తులు ప్రధానంగా మోరక్నీవ్ సంస్థవి. హుల్టాఫోర్స్ వంటి ఇతర స్వీడిష్ సంస్థలు కూడా అదే పోలికలో పనివాళ్ల కత్తులు చేస్తున్నాయి. ఫిన్లాండ్, నార్వే, సామీ జాతివారి నడుము కత్తులు వీటికి దగ్గరి చుట్టాలు. ఫిన్లాండ్‌లోని కౌహవ, ఉత్తరాన రోవనియెమీ (అక్కడి మార్తీని సంస్థ 1928 నాటిది), నార్వేలో గైలో, హోల్మెదాల్ ఆ సంప్రదాయానికి పేరున్న చోట్లు.

చరిత్ర

పూర్వరంగం

చిన్న బ్లేడు, చెక్క పిడి, నడుముకు కట్టే ఒర అనే కూర్పు లోహయుగం కన్నా పాతది. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా–ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ హిమానీనదంలో దొరికిన ఓట్సీ దేహం సుమారు 5,300 ఏళ్ల కిందటిది. అతని దగ్గర చెకుముకి రాతి బ్లేడుతో, యాష్ చెక్క పిడితో, మొత్తం 13 సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న కత్తి, చెట్టు నారతో అల్లిన ఒర ఉన్నాయి. వైకింగ్ కాలపు స్కాండినేవియా సమాధుల్లో స్త్రీల పక్కనా పురుషుల పక్కనా చిన్న ఇనుప కత్తులు తరచుగా దొరుకుతాయి. తిండి తినడానికీ కర్ర చెక్కడానికీ అప్పట్లో అదే కత్తి.

మోరా పల్లెలు

మోరా పట్టణం సిల్యాన్ సరస్సు ఒడ్డున ఉంది. ఆ చుట్టుపక్కల వ్యవసాయ కమతాలు వారసుల మధ్య చీలి చిన్నవైపోవడంతో సేద్యం మీదే బతకడం కష్టమైంది. దాంతో ఒక్కో ఊరు ఒక్కో చేతిపనిని పట్టుకుంది. నూస్నేస్‌లో రంగులద్దిన చెక్క గుర్రాలు, వోమ్‌హూస్‌లో బుట్టలు, తల వెంట్రుకలతో అల్లే నగలు, ఓస్ట్‌నోర్‌లో గడియారాలు, కత్తులు తయారయ్యేవి. ఈ ప్రాంతంలో కత్తుల తయారీ 17వ శతాబ్దం నుంచీ ఉన్నదే. రైతు కుటుంబాలు చలికాలంలో కొలిమి రాజేసి కత్తులు చేసి, వాటిని మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్ముకొనేవి.

అడవి కొయ్య అక్కడ ప్రధానంగా పైన్, స్ప్రూస్, బర్చ్. మొదటి రెండూ మెత్తని కొయ్యలు, బర్చ్ కూడా పచ్చిగా ఉన్నప్పుడు తేలిగ్గా చెక్కుడవుతుంది. మోరా కత్తి ఆకారానికి ఈ చెట్లు ఒక ముఖ్య కారణం. వేరే చోటికి దీన్ని తీసుకువెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది (చూ. ఎంపిక).

కర్మాగారాలు

అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్ 1891లో ఓస్ట్‌నోర్‌లో దుంగలు లాగే మంచు బండ్ల కర్మాగారం పెట్టాడు. కత్తులు అక్కడ మొదట పక్క సరుకు మాత్రమే. క్రమంగా బండ్లు వెనకబడి కత్తులే అసలు వ్యాపారమయ్యాయి. 1912లో క్రోంగ్ యోహాన్ ఎరిక్సన్ అదే ఊళ్లో రెండో కర్మాగారం తెరిచాడు. దాదాపు శతాబ్దం పాటు ఇరుగుపొరుగుగా పోటీపడిన ఈ రెండూ 2005లో మోరా ఆఫ్ స్వీడన్ పేరుతో ఒకటయ్యాయి. 2016లో సంస్థ పేరు మోరక్నీవ్‌గా మారింది.

తయారీ విధానం కూడా మారింది. ఇప్పటి బ్లేళ్లను సమ్మెటతో సాగదీయరు. ఉక్కు రేకు చుట్టల నుంచి అచ్చు యంత్రంతో కత్తిరించి, కాచి, చల్లార్చి, యంత్రాల మీద వాలు పడతారు. ప్లాస్టిక్ పిడులను నేరుగా కాడ చుట్టూ పోతపోస్తారు. ధర అంత తక్కువ కావడానికి కారణం ఇదే. దీనివల్ల నాణ్యత తగ్గిందనడం సరికాదు. ఏ ఒక్క కత్తికీ ఇంకో కత్తికీ తేడా రాకుండా ఉష్ణ సంస్కారం చేయడం ఒంటరి కమ్మరికన్నా ఉష్ణోగ్రత అదుపులో ఉండే కొలిమికి తేలిక.

బడి, అడవి, పుస్తకం

నార్డిక్ దేశాల్లో కత్తి బడిలోకి కూడా వచ్చింది. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్ 1866 నుంచి బడుల్లో చేతిపనికి స్థానం కల్పించాడు. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ 1870లలో నేస్ అనే చోట ఉపాధ్యాయులకు స్లోయ్డ్ (చేతిపని) శిక్షణ మొదలుపెట్టి, పిల్లల చేతికిచ్చే మొదటి పనిముట్టు కత్తే కావాలన్నాడు.

ఇంగ్లీషు ప్రపంచంలో ఈ చర్చ వేరే దారిలో నడిచింది. నెస్మక్ అనే కలం పేరుతో రాసిన అమెరికన్ జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884 నాటి 'వుడ్‌క్రాఫ్ట్' పుస్తకంలో ఆనాడు దుకాణాల్లో అమ్మే మందపాటి వేట కత్తులను తప్పుబట్టి పలచని చిన్న బ్లేడును సమర్థించాడు. 1906లో హొరేస్ కెఫార్ట్ తన 'క్యాంపింగ్ అండ్ వుడ్‌క్రాఫ్ట్'లో అదే వైపు మొగ్గాడు. కెనడాకు చెందిన మోర్స్ కొచాన్స్కీ 1987లో వెలువరించిన అటవీ జీవన గ్రంథం చవకైన మోరా కత్తిని ఉత్తర అమెరికా పాఠకుల ముందు నిలబెట్టింది. బ్రిటన్‌లో రే మియర్స్ టెలివిజన్ కార్యక్రమాలు బుష్‌క్రాఫ్ట్ (అడవిలో బతికే నేర్పు) అన్న మాటకు ప్రచారం తెచ్చాయి. ఆయన కోసం అలన్ వుడ్ చేసిన కత్తి చేతిపని, ధర ఎక్కువ. దాని అంచు తీరు మాత్రం నార్డిక్‌దే.

నిర్మాణం

వాలు, వాదర

మోరా కత్తి బ్లేడు పక్కలు వెన్ను నుంచి చాలా దూరం సమతలంగా దిగుతాయి. అంచుకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున రెండు వైపులా ఒకే వాలు మొదలై వాదర దగ్గర కలుస్తుంది. దీన్ని స్కాండి గ్రైండ్ అంటారు. రెండు వాలుల మధ్య కోణం సాధారణంగా 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. లెక్క చూస్తే, 2.5 మిల్లీమీటర్ల బ్లేడుకు ఆ కోణంలో వాలు ఎత్తు 5.6 మిల్లీమీటర్లు, 3.2 మిల్లీమీటర్ల బ్లేడుకు 7.2 మిల్లీమీటర్లు వస్తుంది.

ఈ వాలుతో కర్ర చెక్కేటప్పుడు కోణం దొరకబుచ్చుకోవడం తేలిక. వాలును కర్ర మీద ఆనించి ముందుకు తోస్తే కత్తి దానంతట అదే లోతు పట్టుకుంటుంది. నిప్పు రాజేయడానికి కర్ర నుంచి ఊడిపోకుండా పలచని చెక్కుల జుట్టు లేపడంలో (ఫెదర్ స్టిక్) స్కాండి కత్తికి సాటి వచ్చేవి తక్కువ. సాన పట్టడానికి కూడా అదే వాలు దారి చూపుతుంది (చూ. సాన, సంరక్షణ).

లోపం కూడా ఇక్కడే ఉంది. వాలు పైన ఒక్కసారిగా పూర్తి మందం వస్తుంది కనుక లోతైన కోతలో బ్లేడు చీలికలా పనిచేస్తుంది. క్యారెట్ లాంటి గట్టి దుంపను కోస్తే ముక్క తెగే ముందే పగులుతుంది. వంటకు వెన్ను నుంచే సన్నబడుతూ వచ్చే పూర్తి చదును వాలు మేలు. వెలుపలికి ఉబ్బిన వాలు దెబ్బలకు ఓర్చుకుంటుంది గనుక గొడ్డళ్లకు, పెద్ద కత్తులకు తగినది. లోపలికి గుంట తీసిన వాలు తోలు ఒలిచే వేట కత్తుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

మందం

పోటీ కత్తుల్లో 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం మామూలే. చాలామంది కొనుగోలుదారులు మందాన్నే బలంగా లెక్కిస్తారు. వంపుకు నిలిచే గట్టితనం మందం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక అందులో నిజం లేకపోలేదు. 2.5 మిల్లీమీటర్ల బ్లేడుకన్నా 3.2 మిల్లీమీటర్ల బ్లేడు, తక్కిన కొలతలన్నీ ఒకటే అయితే, వంచడానికి రెట్టింపుకు కొంచెం పైగా బలం అడుగుతుంది. బరువు మాత్రం 28 శాతమే పెరుగుతుంది. అయితే ఆ గట్టితనం అవసరమయ్యేది బ్లేడును పలుగులా తిప్పి పెకలించినప్పుడు, లేదా వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి మొద్దు చీల్చినప్పుడు. కోసే పనిలో మందం అడ్డమే అవుతుంది. రోజువారీ ఆరుబయటి పనుల్లో తాడు కోయడం, కూరలు తరగడం, మేకు లాంటి కర్రలు చెక్కడం, చేప శుభ్రం చేయడం లాంటివే ఎక్కువ గనుక 2.5 మిల్లీమీటర్లు చాలామందికి సరిపోతుంది.

కాడ

పిడిలోపలి ఉక్కు భాగం కాడ. సాంప్రదాయిక మోరాలో ఇది సన్నని పుల్లలా పిడిలోకి దిగుతుంది. చవక ప్లాస్టిక్ పిడి నమూనాల్లో పిడి చివరిదాకా వెళ్లదు. దుకాణాల ప్రకటనలు పూర్తి కాడను తప్పనిసరి అన్నట్టు చెబుతాయి. పిడి ఆకారంలోనే ఉక్కు చివరిదాకా సాగే ఆ కూర్పు నిజంగానే అన్నిటికన్నా దృఢమైనది. అందులో బరువు ఎక్కువ, చలిలో ఉక్కు అంచు చేతికి తగులుతుంది. శతాబ్దాలుగా నార్డిక్ కత్తులు సన్న కాడతోనే పనిచేశాయి. 2016లో వచ్చిన గార్‌బెర్గ్ మోరక్నీవ్ సంస్థ పూర్తి కాడ నమూనాల్లో ప్రసిద్ధమైనది. 109 మిల్లీమీటర్ల బ్లేడు, 3.2 మిల్లీమీటర్ల మందం దాని కొలతలు.

పిడి, ఒర

పాత తరహా పిడి మధ్యలో కొంచెం ఉబ్బిన బర్చ్ కొయ్య, ఎరుపు రంగు. వేళ్లకు అడ్డు ఉండదు. కర్ర చెక్కేటప్పుడు పట్టు ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి అడ్డు లేకపోవడమే సౌకర్యం. పొడిచే దిశలో బలం పెడితే మాత్రం తడి చెయ్యి అంచు మీదికి జారవచ్చు. ఇప్పటి నమూనాల్లో ఎక్కువ భాగం రబ్బరులాంటి పట్టు ఉన్న ప్లాస్టిక్ పిడులు, చిన్న అడ్డుతో వస్తున్నాయి. పిల్లల కోసం చేసినవాటిలో అడ్డు పెద్దది. కొన్నిటికి మొన గుండ్రం.

ఒర సాధారణంగా గట్టి ప్లాస్టిక్. అడుగున నీరు కారిపోయే రంధ్రం ఉంటుంది. తోలు ఒర చూపుకు బాగుంటుంది గానీ తడిసిన తోలులో కత్తిని ఉంచేస్తే తుప్పు ఖాయం.

ఉక్కు

మోరా కత్తులు మూడు రకాల ఉక్కుల్లో దొరుకుతాయి. మొదటిది సుమారు 1 శాతం కర్బనం ఉన్న సాదా కర్బన ఉక్కు. దీన్ని 800 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల కాచి, నూనెలో చల్లార్చి, మళ్లీ 200 డిగ్రీల ప్రాంతంలో కొంతసేపు వేడిచేస్తారు. ఆ చివరి అడుగు పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. ఈ ఉక్కు సాన మీద త్వరగా లొంగుతుంది, సన్నని వాదరను బాగా నిలుపుకుంటుంది. తడి తగిలితే తుప్పు పడుతుంది. నిమ్మకాయ, మామిడి లాంటి పులుపు తగిలితే నల్లబడుతుంది.

రెండోది తుప్పుకు ఓర్చుకునే ఉక్కు. స్వీడన్‌లోని సాండ్‌వికెన్ మిల్లుల్లో తయారయ్యే 12సీ27 రకంలో 0.6 శాతం కర్బనం, 13.5 శాతం క్రోమియం ఉంటాయి. గార్‌బెర్గ్‌లో వాడే 14సీ28ఎన్‌లో కర్బనం అంతే గానీ క్రోమియం కొంచెం ఎక్కువ, నైట్రోజన్ 0.11 శాతం అదనం. దాంతో ఉప్పునీటికి ఓర్పు పెరిగింది. రాక్‌వెల్ కొలమానంలో ఈ కత్తుల గట్టిదనం 56 నుంచి 60 మధ్య ఉంటుంది. ఆ సంఖ్య 60 దాటే కొద్దీ అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది, పెచ్చు లేచే ప్రమాదమూ పెరుగుతుంది.

మూడోది పొరల ఉక్కు. నడుమ గట్టి కర్బన ఉక్కు, రెండు వైపులా మెత్తని ఉక్కు అతికించి రేకుగా సాగదీస్తారు. వాదర గట్టిగా, పక్కలు సాగే గుణంతో ఉంటాయి. చెక్కడం పనివాళ్ల కత్తులు కొన్ని ఇప్పటికీ ఈ ఉక్కుతో వస్తున్నాయి.

కర్బనం ఎక్కువున్న ఉక్కు సంగతి వచ్చినప్పుడు తెలంగాణ ప్రస్తావన సహజం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు దిమ్మలను పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ వాయిసీ ఆ తయారీని చూసి వివరాలు రాశాడు. మోరా కమ్మరుల ఉక్కుతో దానికి నేరు సంబంధం లేదు.

రకాలు

పాత వరసలో ప్రసిద్ధమైనది ఎర్ర చెక్క పిడి క్లాసిక్. ఒకటో నంబరుది 10 సెంటీమీటర్ల లోపు బ్లేడు. అంతకన్నా చిన్నవీ పెద్దవీ అదే పోలికలో ఉన్నాయి. ఇప్పుడు అన్నిటికన్నా విరివిగా కనిపించేది కంపానియన్. బ్లేడు సుమారు 10 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, కర్బన ఉక్కులోనూ తుప్పు పట్టని ఉక్కులోనూ దొరుకుతుంది. మొద్దు చీల్చే పనులుంటే అదే పేరుతో 3.2 మిల్లీమీటర్ల హెవీ డ్యూటీ రకం ఉంది. బుష్‌క్రాఫ్ట్ వరస కత్తుల వెన్నును తొంభై డిగ్రీల మూలలు వచ్చేలా చెక్కుతారు. నిప్పురవ్వలిచ్చే కడ్డీని గీయడానికి ఆ మూల కావాలి. అచ్చులో కత్తిరించినప్పుడు గుండ్రబడిన వెన్నుతో ఆ పని సరిగా జరగదు.

ఎల్‌డ్రిస్ పొట్టివాటిలో ఒకటి. 59 మిల్లీమీటర్ల బ్లేడు, మెడలో తాడుతో వేలాడదీసుకోవచ్చు. చెక్క బొమ్మలు, చెంచాలు చెక్కేవారి కోసం మొన వైపు సన్నబడిన 120, దానికన్నా పొడవైన 106 నంబరు కత్తులున్నాయి. బ్లేళ్లు వరసగా 6, 8 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. చేపల కోసం వంగే పలచని బ్లేడుతో వేరే వరస ఉంది.

ఎంపిక

ముందు తేల్చుకోవలసింది ఏ చెట్ల మధ్య, ఏ పనికి అన్నది. స్కాండి వాదర మెత్తని కొయ్యకు తయారైంది. ఎండిన వెదురులో సిలికా ఉంటుంది గనుక అది ఏ అంచునైనా త్వరగా మొద్దుబారుస్తుంది. తుమ్మ లాంటి గట్టి కర్ర మీద మెలితిప్పితే పలచని వాదర ఒరిగిపోవడమో పెచ్చు లేవడమో జరుగుతుంది. నల్లమలలోనో తూర్పు కనుమల్లోనో పొదలు కొట్టడం, వెదురు నరకడం ఉంటే ఆ పనికి వేట కొడవలే తగినది. మోరా కత్తి దాని పక్కన రెండో పనిముట్టుగా పనికొస్తుంది. దీనితో కొబ్బరి బోండం కొట్టబోవడం కత్తినీ వేళ్లనూ పాడుచేసుకోవడమే.

పనిని బట్టి కత్తి రూపం ఎంత మారుతుందో చూడాలంటే గీత కత్తి మంచి ఉదాహరణ. తాటి చెట్లెక్కే గీత కార్మికులు రోజూ గెల కొసను పలచగా చెక్కాలి కనుక వారి కత్తి వెడల్పుగా, చాలా పదునుగా ఉంటుంది. అదీ మడవని కత్తే, అదీ నడుముకే వేలాడుతుంది. మోరాతో దానికి ఇంకే పోలికా లేదు.

వాతావరణం రెండో సంగతి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఉప్పు గాలిలో, వానాకాలపు నడకల్లో తుప్పు పట్టని ఉక్కు వైపే మొగ్గాలి. పొడి నేల మీద, రోజూ తుడిచి నూనె రాసే ఓపిక ఉన్నవారికి కర్బన ఉక్కు బాగుంటుంది. నిప్పురవ్వల కడ్డీ విషయంలో అపోహ ఒకటి ఉంది. దానికి కర్బన ఉక్కే కావాలని లేదు, వెన్ను మూల పదునుగా ఉంటే ఏ ఉక్కైనా సరిపోతుంది. చెకుముకి రాయి కొట్టి నిప్పు తీయాలంటే మాత్రం కర్బన ఉక్కు తప్పదు.

పిడి ఎంపిక చేతిలో పట్టుకుని చూడకుండా తేలదు. నాలుగు వేళ్లూ పూర్తిగా ఆనాలి, చిటికెన వేలు గాలిలో ఉండకూడదు. పిడి అడ్డుకోత గుండ్రంగా ఉంటే కత్తి చేతిలో తిరిగిపోతుంది, కోలగా ఉంటే అంచు ఎటుందో చూడకుండానే తెలుస్తుంది. వేళ్లకు గాడులు తీసిన పిడి ఒక్క పట్టుకే సరిపోతుంది గనుక గంటల తరబడి పనిచేసేవారు దాన్ని ఇష్టపడరు. ఒరను తలకిందులు చేసి ఊపినా కత్తి జారకూడదు.

ఇక ధర. సాదా మోరా ధర చేత్తో చేసిన బుష్‌క్రాఫ్ట్ కత్తి ధరలో పదో వంతుకు కూడా సాధారణంగా చేరదు. ఖరీదైన కత్తి వల్ల దొరికేవి పూర్తి కాడ, మందం, అందమైన పిడి, చేసినవారి పేరు. కోత విషయంలో తేడా స్వల్పం. కొత్తగా నేర్చుకునేవారు చవక కత్తితో మొదలుపెడితే సాన పట్టడం భయం లేకుండా నేర్చుకుంటారన్నది చాలామంది శిక్షకుల మాట. మార్కెట్లో నకిలీలు ఉన్నాయి కనుక ఊరూపేరూ లేని అమ్మకందారు దగ్గర కొనకపోవడం మంచిది.

సాన, సంరక్షణ

స్కాండి వాలును సానరాయి మీద పూర్తిగా ఆనించాలి. వాలే కోణం గనుక వేరే కొలత అక్కర్లేదు. 400 నుంచి 1000 మధ్య గరుకున్న రాయి మీద, అంచుకు అవతలి వైపు సన్నని లోహపు పొర లేచేదాకా ఒక పక్క రుద్ది, తర్వాత రెండో పక్కకు మారాలి. 4000 లాంటి నున్నని రాయి, ఆపై తోలు పట్టీ ఆ పొరను తుడిచేస్తాయి. వాలు మొత్తం అరగాలి కనుక పెచ్చు లేచిన అంచును బాగుచేయడానికి చాలాసేపు పడుతుంది. అందుకే కొందరు వాదర దగ్గర వెంట్రుకవాసి రెండో వాలు పెడతారు. అంచు గట్టిపడుతుంది, కర్రలో దిగే చురుకు కొంత తగ్గుతుంది. వీధిలో తిరిగే చక్రపు సాన మీద పెట్టిస్తే వేడికి ఉక్కు పదును దిగిపోవచ్చు, వాలు కూడా చెడుతుంది.

వాడాక కడిగి, ఆరబెట్టి, ఒరలో పెట్టాలి. కర్బన ఉక్కుకు వంటనూనె పొర చాలు. వెన్ను మీద కొట్టి మొద్దు చీల్చాల్సి వస్తే మొద్దు బ్లేడు పొడవుకన్నా సన్నగా ఉండాలి. కణుపులున్న చోట ప్రయత్నించకూడదు. కూర్చుని చెక్కేటప్పుడు కోత దారిలో తొడ లోపలి వైపు ఉండకూడదు, అక్కడి ధమని తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. చేయి చాచి చుట్టూ తిరిగినంత మేర మరొకరు ఉండకూడదన్నది స్కౌట్లకు నేర్పే మొదటి నియమం.

చట్టం

కత్తి పుట్టిన దేశంలోనే దాన్ని వెంట తీసుకెళ్లడానికి షరతులున్నాయి. స్వీడన్‌లో 1988 నాటి చట్టం బహిరంగ స్థలాల్లో, బడుల్లో, అక్కడ నిలిపిన వాహనాల్లో కత్తి ఉంచుకోవడాన్ని తగిన కారణం లేనిదే నిషేధిస్తుంది. పనికి వెళ్లే వడ్రంగి, చేపలకు వెళ్లే మనిషి ఆ మినహాయింపులోకి వస్తారు. బ్రిటన్‌లో అదే ఏటి క్రిమినల్ జస్టిస్ చట్టం మూడంగుళాలలోపు మడత చాకును మినహాయించింది. మడవని కత్తి ఎంత చిన్నదైనా సరైన కారణం చూపాలి. అమెరికాలో నిబంధనలు రాష్ట్రాన్ని, కొన్ని చోట్ల నగరాన్ని బట్టి మారుతాయి. అక్కడి తెలుగువారు తామున్న చోటి నియమం చూసుకోవడం అవసరం.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పున్న బ్లేళ్లను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాల కోసం రూపొందినవాటికి మినహాయింపు ఉంది. మోరా కత్తులు ఈ కొలతలకు బాగా లోపలే ఉంటాయి. అయినా నిషేధాజ్ఞలు అమల్లో ఉన్న చోట వాటిని వెంట తిప్పితే ఇబ్బంది రావచ్చు. విమానంలో క్యాబిన్ సామానులో కత్తి కుదరదు, అప్పగించే పెట్టెలోనే పెట్టాలి.

అడవిలో నడిచేవారు తరచుగా పట్టించుకోనిది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో ఆయుధం అన్న మాట నిర్వచనంలో వలలు, ఉచ్చులు, విల్లంబులతో పాటు కత్తులు కూడా ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలని 31వ సెక్షన్ చెబుతుంది. జాతీయ ఉద్యానాలకూ ఇది వర్తిస్తుంది. అందువల్ల కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాల్లోనూ, పాపికొండల జాతీయ ఉద్యానంలోనూ నడవదలచినవారు బ్లేడు ఎంత పొట్టిదైనా అనుమతి సంగతి అటవీశాఖ దగ్గర ముందే తేల్చుకోవాలి.